స్క్రీన్ మీద హెచ్చరిక వచ్చినప్పుడు, ఓకే కొట్టే ముందు ఏం చేయాలి

ఒకరోజు పిన్ని ఫోన్ చేసింది. "సిస్టమ్‌లో ఏదో వచ్చిందిరా, ఓకే కొట్టాను, ఇప్పుడు ఫొటోలు కనబడట్లేదు" అంది. ఏం వచ్చింది పిన్నీ అంటే, "ఏమో, చదవలేదు, రోజూ వచ్చేవాటిలాగే ఉంది" అంది. వెళ్లి చూస్తే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ మొత్తం ఖాళీ. జరిగింది ఇది: డిస్క్ తగిలించగానే "ఈ డ్రైవ్ వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా" అని విండోస్ అడిగింది, ఫార్మాట్ డిస్క్ అన్నదాన్ని నొక్కింది. ఇంకో విండో తెరుచుకుంది, స్టార్ట్ నొక్కింది. "ఇందులో ఉన్నదంతా చెరిగిపోతుంది" అని మూడో బాక్స్ వచ్చింది, దానికీ ఓకే. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ సరేనంది, ఒక్కటీ చదవలేదు.

నాకు పిన్ని మీద కోపం రాలేదు. మనందరం చేసేదదే. 2015లో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ పరిశోధకులు కొందరిని ఎంఆర్ఐ స్కానర్‌లో పడుకోబెట్టి, ఇలాంటి హెచ్చరికలనే చూపించి, మెదడు ఎలా స్పందిస్తుందో కొలిచారు. ఒకే హెచ్చరిక రెండోసారి కనబడేసరికే మెదడులో చూపుకి సంబంధించిన భాగం చేసే పని బాగా పడిపోయింది, ఆ తర్వాత ఇంకా తగ్గుతూ పోయింది. అంటే చూసినదాన్ని మళ్లీ చూడకపోవడం నిర్లక్ష్యం కాదు, మెదడు తీరే అంత. కాబట్టి "ఇకనుంచి జాగ్రత్తగా ఉంటాను" అనుకుంటే సరిపోదు, చేతికి ఒక అలవాటు నేర్పాలి. ఆ అలవాటు ఎలా చేసుకోవాలో కింద రాస్తున్నాను. ఎక్కువగా విండోస్ గురించే చెబుతాను, మ్యాక్‌లో తేడా ఉన్నచోట అది కూడా.

1. ముందు చేతులు తీసేయండి

మౌస్ మీద నుంచీ, కీబోర్డ్ మీద నుంచీ కూడా. మౌస్ సంగతి అందరికీ తెలుసు, కీబోర్డ్ సంగతి చాలామందికి తట్టదు. మీరు మెయిల్ టైప్ చేస్తుంటే మధ్యలో బాక్స్ వచ్చిందనుకోండి, మీ వేలు అప్పటికే ఎంటర్ మీదకో స్పేస్‌బార్ మీదకో వెళ్తూ ఉంటుంది, అది కాస్తా బాక్స్‌లో ముందే ఎంచి ఉన్న బటన్‌ని నొక్కేస్తుంది. "ఏదో వచ్చి మాయమైంది" అని మనవాళ్లు చెప్పే వాటిలో చాలా వరకు ఇవే. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రామ్) వేసుకునేటప్పుడు బటన్ ఒకటి రెండు క్షణాలు పనిచేయకుండా ఉండటం చూసి స్లో అయిందనుకుంటాం కానీ, ఇలా పొరపాటున నొక్కేయకూడదనే అలా పెట్టారు.

నిజమైన హెచ్చరికకి తొందర ఉండదు. బ్యాటరీ అయిపోతోంది, అప్‌డేట్ కోసం రీస్టార్ట్ అవబోతోంది లాంటివి తప్ప మిగతావి మీరు టీ తాగి వచ్చినా అక్కడే ఉంటాయి. అంకెలు తగ్గించుకుంటూ 5 నిమిషాల్లో మీ ఫైళ్లన్నీ పోతాయని లెక్కపెట్టే బాక్స్ మాత్రం దాదాపు ఎప్పుడూ దొంగదే.

2. ఇది రావడానికి ఒక్క క్షణం ముందు నేనేం చేశాను?

ఈ మొత్తంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఈ ప్రశ్న పెట్టుకోండి. ఇంగ్లీషు అంతగా రాకపోయినా, కంప్యూటర్ గురించి ఏమీ తెలియకపోయినా ఈ ప్రశ్నకి జవాబు మీ దగ్గర తప్పకుండా ఉంటుంది.

మీరు ఒక ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేయబోయారు, "ఈ యాప్ మీ కంప్యూటర్‌లో మార్పులు చేయవచ్చా" అని అడిగింది. అడగాలి కదా, మీరు చేసిన పనికే అది వచ్చింది. అదే మీరు ఒక పీడీఎఫ్ బిల్లు తెరిచారు, అప్పుడు ఇదే ప్రశ్న వచ్చింది. బిల్లు చదవడానికి కంప్యూటర్‌లో మార్పులెందుకు? నో కొట్టండి. బాక్స్ ఒకటే, అక్షరాలు కూడా ఒకటే, కానీ ముందు చేసిన పనిని బట్టి జవాబు మారిపోయింది. లాగిన్ విషయం కూడా ఇంతే: మీరు ఎక్కడా లాగిన్ అవ్వకుండానే ఫోన్‌లో "లాగిన్ అవుతున్నది మీరేనా" అని వచ్చిందంటే మీ పాస్‌వర్డ్ ఇంకెవరి దగ్గరో ఉన్నట్టు లెక్క. నో నొక్కి, వెంటనే పాస్‌వర్డ్ మార్చండి. వరసగా పదిసార్లు వస్తుంటే విసుగొచ్చి ఒక్కసారి ఎస్ కొడతారని ఆశపడే దొంగలున్నారు, ఆ ఒక్క ఎస్ కోసమే పంపిస్తుంటారు.

3. మాట్లాడుతున్నది ఎవరో చూడండి

స్క్రీన్ మీద కనబడేదంతా కంప్యూటర్ చెప్పేది కాదు. విండోస్ చెప్పొచ్చు, బ్రౌజర్ చెప్పొచ్చు, ఒక యాప్ చెప్పొచ్చు, లేదా ఏదో వెబ్‌పేజీ విండోస్ వేషం వేసుకుని చెప్పొచ్చు. ఈ నాలుగోదే ప్రమాదం.

వేషాన్ని పట్టుకోవడం అంత కష్టం కాదు. పేజీలో గీసిన బాక్స్ బ్రౌజర్ విండో దాటి బయటికి రాలేదు. ముందు విండోని కాస్త చిన్నది చేయండి, బాక్స్ దాంతోపాటే కుదించుకుపోతే, లేదా పక్కకి జరిగిపోతే, అది పేజీలోని బొమ్మే. విండోస్ అడిగే అనుమతి బాక్స్ అయితే మామూలుగా వెనక స్క్రీన్ మొత్తం మసకబారుతుంది, అప్పుడు వేరే ఏదీ నొక్కనివ్వదు.

ఇంకో గుర్తు ఫోన్ నంబర్. "మీ కంప్యూటర్‌కి వైరస్ సోకింది, ఈ నంబర్‌కి వెంటనే కాల్ చేయండి" అని వస్తే అది నూటికి నూరు పాళ్లూ మోసం. తమ హెచ్చరికల్లో ఫోన్ నంబర్లు ఎప్పుడూ ఉండవని మైక్రోసాఫ్ట్ స్వయంగా చెబుతుంది. ఇవి ఫుల్ స్క్రీన్‌లో వస్తాయి, సైరన్ మోగుతుంది, ఒక గొంతు కంప్యూటర్ ఆపొద్దని గట్టిగా చెబుతూ ఉంటుంది, ఇంటూ మార్క్ నొక్కినా పోదు, ఎందుకంటే ఆ ఇంటూ కూడా గీసిన బొమ్మే. పెద్దవాళ్లు ఒంటరిగా ఉన్నప్పుడు ఇది వస్తే వాళ్ల గుండె ఎంత దడదడలాడుతుందో దగ్గరుండి చూశాను, అందుకే కాస్త వివరంగా చెబుతున్నాను.

ముందు కంప్యూటర్ సౌండ్ తగ్గించండి, సగం భయం దాంతోనే పోతుంది. పేజీ లోపల ఉన్నదేదీ నొక్కకండి. ఎస్కేప్ కీని కొన్ని క్షణాలు నొక్కిపట్టుకోండి, ఫుల్ స్క్రీన్ నుంచి బయటికొస్తుంది. తర్వాత ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కితే బ్రౌజర్ మూసుకుంటుంది. అది కూడా పనిచేయకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్ పేరు మీద క్లిక్ చేసి, ఎండ్ టాస్క్ కొట్టండి. మ్యాక్‌లో కమాండ్, ఆప్షన్, ఎస్కేప్. ఏదీ చేతకాకపోతే పవర్ బటన్ నొక్కిపట్టి ఆఫ్ చేసేయండి, సేవ్ చేయని పని పోవచ్చు కానీ మిగతా ఏమీ కాదు. మళ్లీ బ్రౌజర్ తెరిచినప్పుడు "పాత పేజీలు తిరిగి తెరవమంటారా" అని అడుగుతుంది, వద్దనండి, లేకపోతే అదే సైరన్ మళ్లీ మొదలవుతుంది.

కుడి పక్క కింద మూలలో "5 వైరస్‌లు దొరికాయి" అని రోజుకి పదిసార్లు వస్తోందా? అది వైరస్ కాకపోవచ్చు. ఎప్పుడో ఏదో సైట్ "మీరు రోబో కాదని తెలియాలంటే అలౌ నొక్కండి" అంటే నొక్కి ఉంటారు, అది నోటిఫికేషన్లు పంపడానికి ఇచ్చిన అనుమతి. ఆ బాక్స్‌లో చిన్న అక్షరాల్లో సైట్ పేరు ఉంటుంది చూడండి. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్‌కి వెళ్లి ఆ సైట్‌ని తీసేస్తే చాలు.

4. బాక్స్‌లో ముందు బటన్లు చదవండి

పైన ఉన్న పేరా అర్థం కాకపోయినా బటన్ల మీద ఉన్న క్రియ అర్థమవుతుంది. డిలీట్, ఫార్మాట్, రీప్లేస్, డోంట్ సేవ్, అలౌ. వీటిలో ఏది నొక్కితే మళ్లీ వెనక్కి రాలేమో అనేదే చూడాల్సింది. అనుమానం వస్తే క్యాన్సిల్, లేదా ఎస్కేప్ కీ. క్యాన్సిల్ అంటే "ఇంతవరకు ఉన్నట్టే ఉంచు" అని, దాదాపు అన్ని చోట్లా అదే క్షేమం. ఫైల్ కాపీ చేస్తుంటే "ఈ పేరుతో ఇంకోటి ఉంది" అని వస్తుంది కదా, అక్కడ రీప్లేస్ నొక్కితే పాతది పోతుంది, ఇది వర్డ్ ఫైళ్లలో నెలల పనిని మింగేస్తుంది. రెండిటినీ పోల్చి చూసే ఎంపిక కూడా అక్కడే ఉంటుంది, రెండూ ఉంచమంటే కొత్తదాని పేరు చివర ఒక అంకె చేరుతుంది, అంతే.

5. తరచూ కనబడేవి, వాటికి ఏం చేయాలి

"మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని బ్రౌజర్ అంటే మొదట కంప్యూటర్‌లో తేదీ చూడండి. ఇది అసలు సైటేనని చూపే గుర్తింపు పత్రాన్ని సర్టిఫికెట్ అంటారు, దానికి ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు అని గడువుంటుంది, మీ కంప్యూటర్ ఇంకా ఏ 2015లోనో ఉంటే ఏ సర్టిఫికెట్టూ చెల్లదనిపిస్తుంది. పాత డెస్క్‌టాప్‌లో ఆఫ్ చేసి ఆన్ చేసినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డ్ మీదున్న నాణెం లాంటి చిన్న బ్యాటరీ అయిపోయిందని అర్థం, మారిస్తే సరిపోతుంది. తేదీ సరిగ్గానే ఉండి, హోటల్ లేదా రైల్వేస్టేషన్ ఉచిత వైఫైలో ఉంటే, వైఫై లాగిన్ పేజీ అడ్డం వస్తుండొచ్చు, మొబైల్ డేటాకి మారి చూడండి. రెండూ కాకపోతే, గడువు తీరిన సర్టిఫికెట్‌ని సైట్ వాళ్లు మార్చడం మర్చిపోయి ఉండొచ్చు, లేదా మీకూ సైట్‌కీ మధ్యలో నిజంగానే ఎవరో దొంగ దూరి ఉండొచ్చు, ఏదన్నది బయటి నుంచి మనకి తెలియదు. బ్యాంకు, మెయిల్, ఆఫీసు సైట్లలో ఇది వస్తే ముందుకెళ్లొద్దు. కొన్ని సైట్లలో ముందుకెళ్లే లింకే ఉండదు, అది బ్రౌజర్ లోపం కాదు, ఆ సైట్ వాళ్లే అలా కోరుకున్నారు.

ఈ హెచ్చరిక గురించి ఒక మాట. 2013లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో వచ్చిన 2.5 కోట్లకి పైగా హెచ్చరికలని పరిశీలించారు. వైరస్, మోసపు సైట్ల హెచ్చరికలని దాటి వెళ్లినవి నాలుగో వంతు కన్నా తక్కువే. సర్టిఫికెట్ హెచ్చరికని మాత్రం అప్పటి క్రోమ్‌లో 70 శాతం సార్లు దాటేశారు, ఫైర్‌ఫాక్స్‌లో మూడో వంతు సార్లు. జనం మొండివాళ్లయితే అన్నిటినీ ఒకేలా దాటేసేవాళ్లు. ఏం చెబుతోందో స్పష్టంగా తెలిసినప్పుడు ఆగుతున్నారు, చెప్పేది తేలనప్పుడు దాటేస్తున్నారు, నాకైతే అలాగే అనిపిస్తుంది.

పేజీ మొత్తం ఎర్రగా మారి "ముందు మోసపు సైట్ ఉంది" అంటే వెనక్కి వచ్చేయండి. ఇందులో ఆలోచించాల్సిందేమీ లేదు.

"విండోస్ మీ పీసీని కాపాడింది" అనే నీలం బాక్స్ వస్తే అది వైరస్ అని తేల్చేసినట్టు కాదు, ఈ ఫైల్ గురించి నాకు పెద్దగా తెలియదు అంటోంది. చిన్న డెవలపర్లు చేసిన మంచి ప్రోగ్రామ్‌లకీ వస్తుంది. మోర్ ఇన్ఫో నొక్కితే ఫైల్ పేరు, తయారుచేసినవాళ్ల పేరు కనబడతాయి, ఆ తర్వాతే రన్ ఎనీవే అనే బటన్ బయటపడుతుంది. ఆ ఫైల్ ఎక్కడి నుంచి దించుకున్నారో గుర్తు చేసుకోండి. తయారీదారు సొంత సైట్ నుంచేనా, లేక సెర్చ్‌లో అన్నిటికన్నా పైన ఉన్న ప్రకటన నొక్కి వచ్చిందా? రెండోదైతే డిలీట్ చేసి అసలు సైట్‌కి వెళ్లండి. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌తో "ముందు యాంటీవైరస్ ఆపండి" అనే సూచన వస్తుంటుంది, దొంగ వచ్చి మీ కుక్కని కట్టేయండి అన్నట్టే అది.

వర్డ్, ఎక్సెల్ ఫైల్ తెరిచినప్పుడు పైన పసుపు పట్టీ వస్తే చాలామంది ఎనేబుల్ కంటెంట్ నొక్కేస్తారు. ఆ బటన్ ఫైల్‌లో దాగున్న చిన్న ప్రోగ్రామ్‌ని నడిపిస్తుంది, మాక్రో అంటారు. 1999లో మెలిస్సా అనే వైరస్ ఇలాగే వర్డ్ ఫైల్‌లో వచ్చి మెయిల్స్ ద్వారా పాకింది. ఇన్నేళ్లకి 2022లో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మాక్రోలని తనంతట తానే ఆపేయడం మొదలుపెట్టింది. బిల్లు చూడటానికి ఎనేబుల్ నొక్కమని ఫైల్ లోపలే రాసి ఉందంటే ఆ ఫైల్‌ని నమ్మకండి.

ఇది ఈమధ్య బాగా పెరిగింది, ఇంట్లో అందరికీ చెప్పండి: మీరు మనిషేనని నిరూపించుకోడానికి విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, కంట్రోల్ వీ నొక్కి, ఎంటర్ కొట్టండి అని ఒక పేజీ అడుగుతుంది. చూడటానికి ఎప్పుడూ వచ్చే ట్రాఫిక్ లైట్ల పరీక్షలాగే ఉంటుంది. కానీ ఆ పేజీ అప్పటికే ఒక కమాండ్‌ని మీ క్లిప్‌బోర్డ్‌లోకి (కాపీ చేసినవి పేస్ట్ చేసేదాకా ఉండే చోటు) కాపీ చేసేసి ఉంటుంది, మీరు నొక్కే మూడు మెట్లూ ఆ కమాండ్‌ని మీ చేత్తోనే మీ కంప్యూటర్‌లో నడిపించడానికి. ఏ నిజమైన సైట్ కూడా అలా అడగదు.

ఇక డిస్క్ హెచ్చరికలు. "హార్డ్ డిస్క్ త్వరలో పాడవబోతోంది" అని కంప్యూటర్ ఆన్ చేయగానే కనబడితే, ఎఫ్1 నొక్కి ముందుకెళ్లిపోవడం అలవాటు చేసుకోకండి. ఆ రోజే ముఖ్యమైనవన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి. రిపేర్, స్కాన్ అన్నీ ఆ తర్వాతే, ఎందుకంటే చచ్చిపోతున్న డిస్క్‌ని గంటల తరబడి స్కాన్ చేస్తే ఆ శ్రమకే పోవచ్చు. పిన్నికి వచ్చిన "ఫార్మాట్ చేయాలి" బాక్స్‌కి జవాబు ఎప్పుడూ క్యాన్సిలే. కేబుల్ మార్చండి, వేరే పోర్ట్‌లో పెట్టండి, వేరే కంప్యూటర్‌లో పెట్టి చూడండి. కొన్నిసార్లు కేబుల్‌దే తప్పు.

6. అర్థం కాకపోతే ఉన్నది ఉన్నట్టు పట్టుకోండి

"ఏదో ఎర్రర్ వచ్చింది" అంటే ఎవరూ సాయం చేయలేరు. విండోస్, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కితే స్క్రీన్‌లో కావలసిన ముక్కని బొమ్మగా తీసుకోవచ్చు, లేదా ఫోన్‌తో ఫొటో తీయండి, అదీ చాలు. తక్కువమందికి తెలిసిన చిట్కా ఇంకోటి ఉంది: విండోస్‌లో మామూలు మెసేజ్ బాక్స్ వచ్చినప్పుడు, దేన్నీ సెలెక్ట్ చేయకుండానే కంట్రోల్ సీ నొక్కండి, ఆ బాక్స్‌లోని అక్షరాలన్నీ కాపీ అవుతాయి. వాటిని సెర్చ్‌లో వేసుకోవచ్చు, తెలుగులోకి మార్చుకుని చదువుకోవచ్చు. సెర్చ్ చేసినప్పుడు "ఈ ఎర్రర్‌ని పోగొట్టే టూల్" అంటూ ఏదైనా దించుకోమంటే మాత్రం వద్దు.

ఇంట్లో కంప్యూటర్ బాగా తెలిసినవాళ్లు మీరే అయితే మీకూ ఒక మాట. అమ్మ, నాన్న ఫోన్ చేసి చెప్పినప్పుడు "ఎందుకు నొక్కావు" అని మొదలుపెట్టకండి. ఒక్కసారి తిట్లు పడ్డాక రెండోసారి చెప్పరు, దాచిపెడతారు, అప్పుడు చిన్నదాంతో పోయేది పెద్దదవుతుంది.

7. పనికిరాని హెచ్చరికలు తగ్గించండి

రోజుకి ఇరవై బాక్సులు వస్తుంటే ఇరవై ఒకటోది ఎవరు చదువుతారు? బ్రౌజర్‌లో "సైట్లు నోటిఫికేషన్లు అడగకూడదు" అని పెట్టేయండి. కంప్యూటర్ కొన్నప్పుడు వచ్చిన, గడువు తీరిపోయిన ట్రయల్ యాంటీవైరస్ రోజూ డబ్బు కట్టమని అడుగుతుంటే తీసేయండి, విండోస్‌లో ఉన్న డిఫెండర్ తనే పని అందుకుంటుంది. అప్‌డేట్ సెట్టింగ్స్‌లో మీరు పనిచేసే గంటలు ఇస్తే ఆ సమయంలో రీస్టార్ట్ అవదు.

8. అప్పటికే నొక్కేశారా?

ఏం నొక్కారన్నదాన్ని బట్టి ఉంటుంది. నోటిఫికేషన్‌కి అలౌ ఇవ్వడం వరకే అయితే పైన చెప్పినట్టు తీసేస్తే అయిపోయింది, టెన్షన్ పడక్కర్లేదు. తెలియని ఫైల్ నడిపించారు, లేదా ఆ కంట్రోల్ వీ పని చేశారు అంటే ముందు ఇంటర్నెట్ ఆపండి, వైఫై ఆఫ్ చేయండి, కేబుల్ ఉంటే పీకేయండి. తర్వాత ఇంకో ఫోన్ లేదా కంప్యూటర్ నుంచి పాస్‌వర్డ్‌లు మార్చండి, అదే కంప్యూటర్ నుంచి మాత్రం వద్దు. మొదట మెయిల్ పాస్‌వర్డ్, ఎందుకంటే మిగతా అన్నిటి తాళాలూ అందులోనే ఉంటాయి, ఆ తర్వాత బ్యాంకు. అప్పుడు డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి, కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లోడ్ అవకముందే వెతుకుతుంది. ఎవరికైనా కాల్ చేసి స్క్రీన్ వాళ్ల చేతికి ఇచ్చి ఉంటే, వాళ్లు వేయించిన ప్రోగ్రామ్ తీసేసి, కార్డు వివరాలు చెప్పి ఉంటే బ్యాంకుకి ఫోన్ చేయండి. ఆఫీసు కంప్యూటర్ అయితే ఐటీ వాళ్లకి ఆ నిమిషంలోనే చెప్పండి, సాయంత్రం దాకా ఆగొద్దు.

డిస్క్ ఫార్మాట్ చేసేస్తే ఆ డిస్క్‌ని తీసి పక్కన పెట్టండి, దాని మీద ఒక్క ఫైల్ కూడా కాపీ చేయకండి. మామూలు హార్డ్ డిస్క్‌లో క్విక్ ఫార్మాట్ అంటే పుస్తకంలో విషయసూచిక చింపేసినట్టు, లోపలి పేజీలు ఇంకా ఉంటాయి, మీరు కొత్తవి రాసేదాకా. ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో దాచే డిస్క్) అయితే ఆశ చాలా తక్కువ. రికవరీ సాఫ్ట్‌వేర్‌ని వేరే డ్రైవ్‌లో ఇన్‌స్టాల్ చేసి, దొరికిన ఫైళ్లని కూడా వేరే డ్రైవ్‌లోకే తీసుకోవాలి. పిన్నిది మామూలు డిస్కే, ఆమె కంగారులో మళ్లీ ఏదీ కాపీ చేయలేదు, అందుకని చాలా ఫొటోలు తిరిగొచ్చాయి, పేర్లూ ఫోల్డర్లూ మాత్రం పోయాయి. వాటిని కూర్చుని ఒక్కొక్కటీ చూస్తూ ఏ సంవత్సరానివో ఇప్పటికీ సర్దుకుంటూనే ఉంది.